ఇంకోసారి గారు

మా బావంటే నాకు పడదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ శ్రమ తప్పుతుంది. మా అక్క మొగుడన్న ఒక్క కారణానికి పదేళ్ల నుంచి "బావా, మీరు" అంటూ మర్యాదగా నెట్టుకొస్తున్నాను గానీ, పొద్దున్నే ఆయన మెట్లెక్కి వచ్చే చప్పుడు వింటేనే నాకు కణతలు లాగుతాయి. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనిస్తే గానీ పై మెట్టెక్కడు. ఆ మెట్లు పదేళ్లుగా అక్కడే ఉన్నాయి, అయినా ఆయనకి నమ్మకం లేదు.

నాది పాత కంప్యూటర్ సామాను కొని అమ్మే షాపు. మార్కెట్ భవనంలో రెండో అంతస్తు, మెట్లెక్కగానే ఎడమ పక్క మూడో షట్టరు. ముందు కౌంటరు నాది, వెనక రిపేరు బల్ల ఆయనది. నేను గొంతు ఎండిపోయేలా మాట్లాడి ఒక మనిషిని కొనేదాకా తీసుకొస్తానా, సరిగ్గా అప్పుడే వెనక నుంచి వినిపిస్తుంది: "ఆ కార్డు ఇప్పుడు తీసుకోకండి, ఫ్యాను అరుగుతోంది. నాలుగు రోజులాగి రండి, మార్చి పెడతాను." వచ్చినవాడు మహదానందంగా వెళ్లిపోతాడు. నేను పళ్లు నూరుకుంటూ కూర్చుంటాను.

ఏ వస్తువునీ ఒకసారి చూసి వదలడు. బాగైందని మనం సంబరపడుతుంటే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఇంకోసారి చూద్దాం" అంటాడు. ఆపుతాడు, ఆన్ చేస్తాడు, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని గోడ గడియారం చూస్తాడు. అందుకే మా అంతస్తులో అందరూ ఆయన్ని ఇంకోసారి గారు అంటారు. ఎదురు షాపులో ప్రింటర్లకి ఇంకు నింపే ఆవిడ పెట్టిన పేరది. కోపం తెచ్చుకుంటాడేమో అని చూశాను. ఆ పేరుతో పిలిస్తే పలుకుతాడు కూడా.

అంతకుముందు పద్నాలుగేళ్లు ఆసుపత్రి మెషీన్లు బాగుచేసే కంపెనీలో చేశాడు. మంచాల పక్కన గుండె కొట్టుకోవడం చూపించే తెరలుంటాయే, అవి. "అక్కడ మెషీను అబద్ధం చెబితే మనిషి పోతాడయ్యా" అని నాకు వందసార్లు చెప్పుంటాడు. "ఇది ఆసుపత్రి కాదు బావా, ఇక్కడ మెషీను అబద్ధం చెబితే ఎవడో ఒకడు ఆటలో ఓడిపోతాడు, అంతే" అని నేనూ వందసార్లు చెప్పాను. ఆ కంపెనీ మూతపడ్డాక అక్క ఆయన్ని తెచ్చి నా నెత్తిన పెట్టింది. "ఒరేయ్, చేతిలో పని లేకపోతే ఆయన బతకలేడురా" అంది. నన్ను చంకనేసుకుని పెంచిన అక్క. కాదనడానికి నోరు రాలేదు.

బల్ల దగ్గర కూర్చునే ముందు చెప్పులు విడిచి, చేతులు కడుక్కుంటాడు. చొక్కా జేబులో అందరికీ పెన్నుంటే ఈయనకి పళ్లు తోముకునే బ్రష్షూ, మందం కొలిచే సన్నటి రేకుల గేజీ ఉంటాయి. బోర్డు అడుగున చూడ్డానికి అక్క వాడి పారేసిన చేతి అద్దం. టీలో పంచదార వేసుకోడు, మాటలో అసలే వెయ్యడు.

ఇక ఆ నోటుబుక్కు! పేజీకి అయిదు గడులు గీసుకుంటాడు. తేదీ, జబ్బు, చూసినవి, కారణం, ఎవరివల్ల. ఆ చివరి గడి ఆసుపత్రి కంపెనీ నాటి అలవాటు. కరెంటువల్ల, దుమ్మువల్ల, వాడినవాళ్లవల్ల అని నింపుతాడు. తన చెయ్యి జారి ఏదైనా విరిగితే "నావల్ల" అని రాసి, ఆ పేజీ తీసి వచ్చినవాళ్లకి చూపిస్తాడు కూడా. బుద్ధున్నవాడెవడైనా తన తప్పు తనే కాగితం మీద పెట్టుకుంటాడా? కానీ చెప్పకపోతే అబద్ధమవుతుంది: జనం నా షాపు పేరడగరు. మెట్ల కింద నిలబడి "ఇంకోసారి గారి షాపెక్కడండీ?" అని అడుగుతారు. ఆయనకి ఇల్లు లేదు, పొలం లేదు, వేలికి ఉంగరం కూడా లేదు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే. దాన్ని ఒక సోమవారం పొద్దున నలుగురి ముందు నేను మట్టిలో కలిపాను. చెప్పబోయేది ఆ సంగతే.

నా గురించీ ఒక మాట చెప్పాలి. వాడేసిన గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్లో ఆటల బొమ్మలు గీసే కార్డు, షాపుకొస్తే దాన్ని తళతళలాడేలా చేసేది నేనే. మరలు విప్పి, దుమ్ము దులిపి, చిప్పుల మీద ఎండిపోయిన మెత్తటి పట్టీలు పీకేసి కొత్తవి వేస్తాను. చిప్పుల వేడిని పైనున్న లోహపు దిమ్మలోకి పంపేవి ఆ పట్టీలే. ఈ ఏడాది వాటి చుట్ట ఒకటి తెచ్చాను, దొరికినవాటిలో అన్నింటికంటే దళసరిది. పరుపైనా పట్టీ అయినా మందంగా ఉంటేనే కదా మేలు! మళ్లీ బిగించి, ఒక మర మీద నా షాపు స్టిక్కరు అతికిస్తాను. అది చిరిగితే గ్యారంటీ లేదు. బావ ఒకసారి అటు తొంగిచూసి, "గేజీ పెట్టి చూసి వెయ్యవయ్యా, ఒక్కో కార్డుకి ఒక్కో మందం పడుతుంది" అన్నాడు. "పట్టీ అతికించడానికి కూడా పరీక్ష రాయాలా బావా?" అన్నాను. ఆయన గేజీ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అలా నేను సింగారించి అమ్మిన కార్డొకటి అంబులెన్సు డ్రైవరు కొన్నాడు. గుమ్మం నిండేంత మనిషి. ఆటోవాళ్లు కూడా అతన్ని చూస్తే పక్కకి జరుగుతారు. మూడో రోజుకే తిరిగొచ్చి కార్డుని కౌంటరు మీద పెట్టాడు.

"ఏవండీ, ఇదేం కార్డండీ? ఆట మొదలెట్టిన పది నిమిషాలకి తెర నల్లబడిపోతోంది. ఫ్యాన్లు ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాయి. కాసేపటికి మొత్తం ఆగిపోతోంది."

"మీ ఇంట్లో కరెంటు సరిగ్గా ఉండి ఉండదు" అన్నాను.

"ఫ్రిజ్జు నడుస్తోంది, టీవీ నడుస్తోంది, మా ఆవిడ మిక్సీ నడుస్తోంది. మీ కార్డొక్కటే పడిపోతోంది."

"అయితే ఆ ఆటలోనే ఏదో లోపం ఉంది."

"లోపం ఆటలో లేదు, మీ నోట్లో ఉంది" అన్నాడు.

నేను లేచాను. అతను ఇంకా ముందుకొచ్చాడు. ఈలోపు బావ స్టూలు తెచ్చి మా ఇద్దరి మధ్యా పడేశాడు. "కూర్చోండి. ఏ ఆట? ఎక్కడ ఆగుతోంది? ఆగే ముందు గీతలొచ్చాయా, ఒకేసారి నల్లబడిందా?" అని అడిగాడు. డ్రైవరు మొహం విప్పారింది. ఇద్దరూ కూర్చుని పెళ్లిచూపుల్లోలాగా ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. నా షాపులో, నా మొహం ముందు, నా కార్డు మీద!

పరీక్షకి మా షాపులో ఒక పద్ధతుంది. మూత లేని కంప్యూటరు బల్ల మీద పరిచి, పక్కన బల్ల ఫ్యాను తిప్పి, కార్డు పెట్టి నడిపిస్తాం. మూడు గంటలు నడిచింది. కిక్కురుమనలేదు. "చూశారా? కార్డు బంగారం. తిరిగిచ్చెయ్యండి" అన్నాను. "ఇంకోసారి" అన్నాడు బావ.

మర్నాడు కార్డుకి కరెంటిచ్చే వైర్లు మార్చాడు. ఆ మర్నాడు పాత సాఫ్ట్‌వేరంతా ఊడ్చేసి కొత్తగా ఎక్కించాడు. తర్వాత కంప్యూటరు మొత్తానికి కరెంటిచ్చే పెట్టెనే మార్చేశాడు. ఒక్కో మార్పుకీ ఒక్కో పరీక్ష, ఒక్కో పరీక్షకీ నోటుబుక్కులో ఒక్కో గీత. ఒకేసారి రెండు మార్చి చూడచ్చుగా అంటే, "అప్పుడు దేనివల్ల బాగైందో ఎలా తెలుస్తుందయ్యా?" అంటాడు. బాగైతే చాలని కదా లోకం బతుకుతోంది!

శుక్రవారం నాటికి ఆయనకి ఒక ఆలోచనొచ్చింది. "జనం ఇంట్లో మూత తీసి, ఫ్యాను పెట్టుకుని ఆడరు కదా" అన్నాడు. బల్ల ఫ్యాను ఆపేశాడు. కంప్యూటరుకి మూత బిగించాడు. డ్రైవరు చెప్పిన ఆటే ఎక్కించి, తనే ఆడటానికి కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, జన్మలో ఆట ముట్టని మనిషి! తెర మీద అందరూ తుపాకులతో పరుగెడుతుంటే ఈయన సైనికుడు ఒక చెరువు ఒడ్డున నిలబడి నీళ్లు చూస్తున్నాడు. "పరుగెత్తండి బావా, చంపేస్తున్నారు" అన్నాను. "నీళ్లు గీయాలంటే కార్డుకి కష్టం. అందుకే ఇక్కడ నిలబడ్డాను" అన్నాడు. ప్రింటర్ల ఆవిడ తన షాపొదిలేసి వచ్చి పొట్ట పట్టుకుని నవ్వింది. పదకొండో నిమిషంలో ఫ్యాన్లు రయ్యిమన్నాయి, తెర నల్లబడింది.

"పడిపోయింది!" అని బావ చిన్నపిల్లాడిలా కేకేశాడు. నా సరుకు పాడని తేలితే ఆయనకి పండగ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

శనివారం అదే ఆట మళ్లీ పెట్టి, వేడి చూపించే అంకెలు పక్కన తెరిచి నన్ను పిలిచాడు. "ఇదిగో, చిప్పు వేడి మొత్తం మీద డెబ్బై నాలుగు. కానీ అందులోనే ఒకచోట నూట తొమ్మిది. ఒక మూల కాలిపోతోంది. పైన దిమ్మ సమంగా కూర్చోలేదనిపిస్తోంది. విప్పి చూడాలి" అని నా మొహంలోకి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"ఈ పాఠాలు నాకొద్దు బావా. అది విప్పడానికి వీల్లేదు. నా స్టిక్కరుంది దాని మీద. సోమవారం అతనొస్తాడు, ఎలా ఉన్నది అలాగే చేతిలో పెట్టి పంపేద్దాం."

"ఆగిపోయే కార్డు మళ్లీ ఎలా ఇస్తామయ్యా?"

"నేనిస్తాను. నా షాపు" అన్నాను. ఆయన కళ్లజోడు కిందికి దించుకుని బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆదివారం షాపుకి సెలవు. రెండో తాళంచెవి ఆయన దగ్గరుంది. సోమవారం డ్రైవరు రానే వచ్చాడు, ఒంటరిగా కాదు, తనలాంటి ఇద్దరిని వెంటేసుకుని. వాళ్ల గొంతులకి అంతస్తులో జనమంతా మా షట్టరు ముందు పోగయ్యారు. నేను సొరుగులోంచి కార్డు తీశాను. స్టిక్కరు నిలువునా చిరిగి ఉంది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కోపం కంటే ముందు ఊరట కలిగింది. ఇంతమంది ముందు నా నెత్తి మీద పడబోయేది పెట్టడానికి ఒక నెత్తి దొరికింది.

"ఇదిగో, అందరూ చూడండి" అన్నాను. "స్టిక్కరు చిరిగింది. చింపింది నేను కాదు, ఈయన. వద్దు మొర్రో అన్నా వినకుండా నిన్న షాపు మూసి ఉంటే దొంగతనంగా వచ్చి విప్పాడు. మీకు అమ్మే ముందు పరీక్షల పేరుతో దీన్ని పిసికిందీ ఈయనే. నేను తెచ్చిన కార్డు లక్షణంగా ఉంది. వేలుపెట్టి చెడగొట్టింది ఈయన."

అమ్మే ముందు ఆ కార్డుని బావ ముట్టుకోనేలేదు. అది పచ్చి అబద్ధం. నోట్లోంచి ఎంత నున్నగా జారిందో నాకే ఆశ్చర్యం వేసింది.

ఆయన వైపు తిరిగాను. "విప్పావా, లేదా?" పదేళ్లలో మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను.

"విప్పాను" అన్నాడు బావ.

"ఎందుకు విప్పావ్?"

డ్రైవరుని చూశాడు, గుమ్మంలో జనాన్ని చూశాడు, ఆఖర్న నన్ను చూశాడు. "బాగు చెయ్యడానికి" అన్నాడు.

"బాగు చేశాడంట!" అన్నాను అందరికీ వినబడేలా. "ఈరోజుతో ఈ షాపులో నీకు పని లేదు. దయచెయ్యి."

ప్రింటర్ల ఆవిడ "అయ్యో, అదేం మాట" అంది. బావ చెప్పులేసుకున్నాడు. బ్రష్షూ గేజీ జేబులో పెట్టుకున్నాడు. నోటుబుక్కు షాపుదనుకున్నాడో ఏమో, సొరుగులోనే వదిలేశాడు. డ్రైవరు దగ్గర ఆగి, "ఇప్పుడు ఆగదండీ. మూత పెట్టే ఆడండి" అని చెప్పి మెట్లు దిగాడు. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించుకుంటూ.

మొదటి రోజు హాయిగా గడిచింది. అడ్డుపుల్ల వేసేవాడు లేడు. రెండు సరుకులు చకచకా అమ్మాను. రెండో రోజు నుంచి మొదలైంది. వచ్చిన ప్రతివాడూ నా మొహం మీదుగా వెనక బల్ల వైపు చూసి, "ఇంకోసారి గారేరీ?" అనడమే. "పని చెడగొడుతున్నాడు, తీసేశాను" అని చెప్పి చెప్పి నాకు నాలుక మొద్దుబారింది. కొంతమంది నమ్మారు. అదే నేను కోరుకున్నది. గురువారం ప్రింటర్ల ఆవిడ చెప్పింది, బావ కింద అంతస్తులో రెండు షాపుల్లో పనడిగాడట. "సొంత బావమరిదే గెంటేశాడంటే ఏదో ఉండే ఉంటుంది" అని పంపేశారట. ఆ మాట చెబుతూ ఆవిడ నావైపు చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే చీదర పుడుతుంది.

శుక్రవారం అక్క వచ్చింది. అక్క షాపుకి రావడమే అరుదు. కౌంటరు దాటి లోపలికి రాలేదు.

"ఆయన నోటుబుక్కు ఇవ్వు."

"కూర్చో అక్కా, టీ చెబుతాను."

"నీ టీ నువ్వే తాగు. నోటుబుక్కు ఇవ్వు. ఇంట్లో నోరు విప్పి ఒక్క ముక్క చెప్పడంలేదు మనిషి. అన్నం ముందు కూర్చుని గోడ చూస్తున్నాడు. నువ్వేమో ఆయన చెడగొట్టాడని ఊరంతా టముకు వేస్తున్నావు. ఆయన చెడగొడితే అందులో 'నావల్ల' అని రాసుంటాడు. నేను చూడాలి."

వెనక్కి వెళ్లి సొరుగు తీశాను. ఆమెకి వీపు పెట్టి చివరి పేజీ తెరిచాను. ఆ కార్డు సంగతంతా ఆ ఒక్క పేజీలోనే ఉంది. చివర్న ఆయన రాత ఇలా ఉంది: "కారణం: పక్క చిప్పుల మీద పట్టీలు మరీ మందం. అందువల్ల దిమ్మ పైకి లేచి, నడిమి చిప్పుకి ఒక మూలే ఆనుతోంది. సన్న పట్టీలు మార్చాను. రెండు గంటలు ఆడాను, ఆగలేదు. ఇంకోసారి రెండు గంటలు ఆడాను, ఆగలేదు." దాని పక్కన "ఎవరివల్ల" గడి ఖాళీగా ఉంది.

పదేళ్ల నోటుబుక్కుల్లో ఆ గడి ఖాళీగా ఉండటం నేను చూడలేదు. కార్డు చెడింది నా పట్టీలవల్లనీ, ఆ సంగతి ఆయనకి తెలిసీ అంతమంది ముందు నోరు మెదపలేదనీ అర్థమై తల కొట్టేసినట్టయింది. మరి నేనేం చేశానంటే, ఆ పేజీ చింపేశాను. చప్పుడు వినబడకుండా దగ్గుతూ చింపాను. మడిచి జేబులో కుక్కుకుని, బుక్కు తెచ్చి అక్క చేతిలో పెట్టాను.

అక్క చివరి పేజీ చూసింది. "ఆ కార్డు సంగతి ఇందులో లేదే?"

"తప్పు చేశాడుగా, రాసుండడు" అన్నాను. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. బుక్కు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. అది తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

శనివారం పొద్దున షట్టరు ఎత్తేసరికి ఒక ట్యూషన్ మాస్టారు నిలబడి ఉన్నాడు. రెండు నెలల క్రితం నా దగ్గర కార్డు కొన్నాడు. "ఆటలో పది నిమిషాలకల్లా తెర నల్లబడుతోందండీ. ఫ్యాన్లు ఒకటే అరుపు" అన్నాడు. స్టిక్కరు చెక్కుచెదరలేదు. ఆ కార్డు నేను శుభ్రం చేసి అమ్మిన వారమంతా బావ జ్వరంతో ఇంట్లోనే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూశాను. బల్ల ఖాళీ. నింద వెయ్యడానికి మనిషి లేడు.

మాస్టారు వెళ్లాక నేనే విప్పాను. నడిమి చిప్పు మీద రాసిన, వేడిని దిమ్మకి పంపే పేస్టు ఒక మూల నలిగి ఉంది. మిగతా అంతా వేసింది వేసినట్టే, దిమ్మ తాకిన గుర్తే లేదు. పక్కన నా దళసరి పట్టీలు బొద్దుగా కూర్చుని ఉన్నాయి. ఆ చుట్ట ఎంత మిగిలిందో చూశాను. సగం పైనే అయిపోయింది. ఈ ఏడాది ఆ పట్టీలతో నేను అమ్మినవి మొత్తం పదకొండు కార్డులు. బిల్లులు తిరగేసి, కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఆదివారం అక్క ఇంటికి వెళ్లాను. వంటింటి బల్ల మీద పక్కింటివాళ్ల మిక్సీ విప్పి పెట్టుకుని బావ కూర్చున్నాడు. అక్క కూర్చోమనలేదు. నేను జేబులోంచి ఆ పేజీ తీసి, మడతలు విప్పి బల్ల మీద పెట్టాను.

అక్క చదివింది. చిరిగిన అంచు వేలితో తడిమింది. "నువ్వే చింపావా?" అంది.

"ఊఁ."

"నేను అక్కడ నిలబడి ఉండగానే?"

"ఊఁ."

చెంప పగలగొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. బావ మిక్సీ పక్కకి జరిపి, కళ్లజోడు పైకి తోశాడు. "ఎన్ని కార్డులకి వేశావయ్యా ఆ పట్టీలు?" అన్నాడు. తిట్టలేదు. వారం రోజుల సంగతి ఎత్తలేదు. చూశారా, అందుకే ఆయనంటే నాకు పడదు.

"పదకొండు. రెండు తిరిగొచ్చాయి."

"అంటే తొమ్మిది ఇంకా ఇళ్లల్లో కాలుతున్నాయి. ముందు వాళ్లకి ఫోన్ చెయ్యాలి."

"ముందు ఆ అంబులెన్సు అతనికి" అంది అక్క. "ఎవరి ముందు అన్నావో వాడికే చెప్పు. నాకు వినబడేలా చెప్పు." నా ఫోన్ తీసుకుని బల్ల మధ్యలో పెట్టి, స్పీకరు నొక్కింది.

మూడు మోతలకి ఎత్తాడు. వెనక ఏదో బండి ఇంజను చప్పుడు. నేనెవరో చెప్పాను. "ఇంకేం అమ్ముతారు?" అన్నాడు.

"అమ్మడానికి కాదండీ. ఆ కార్డు చెడగొట్టింది మా బావ కాదు. నేను. మందపాటి పట్టీలు వేసి నేనే చెడగొట్టాను. ఆయన బాగు చేశాడు. ఆరోజు అందరి ముందూ అబద్ధం చెప్పాను." ఒక్క ఊపిరిలో అనేశాను. ఆపితే మళ్లీ నోరు పెగలదని తెలుసు.

అటు బండి ఇంజను ఆగింది.

"మీరే అయ్యుంటారనుకున్నానండీ" అన్నాడు. "మీరు ఆయన్ని గెంటేసిన మర్నాడే ఆయన మా స్టాండుకొచ్చాడు, ఎండలో నడుచుకుంటూ. కార్డు ఆగకుండా ఆడుతోందా అని అడగడానికి. బాగా ఆడుతోందన్నాను. మరి తప్పెవరిదండీ అని గుచ్చి గుచ్చి అడిగాను. చెప్తేనా? 'మా షాపులో జరిగిన పొరపాటండీ' అన్నాడు. అంతే. ఇంకో ముక్క రాలలేదు."

మా షాపు అన్నాడట. నేను మెట్లు దింపేసిన మర్నాడు.

నేను తలెత్తలేకపోయాను. డ్రైవరు "హలో, ఉన్నారా?" అంటున్నాడు. అక్క ఫోన్ ఆపి, చిరిగిన పేజీ నా ముందుకి తోసి, దాని మీద పెన్ను పెట్టింది. ఖాళీ గడిలో "నావల్ల" అని రాశాను.

బావ ఆ పేజీ తీసుకుని దగ్గరగా పెట్టుకుని చదివాడు. దాన్ని నోటుబుక్కులో దాని చోట పెట్టి మూసేశాడు. లేచి చేతులు కడుక్కొచ్చి, మళ్లీ బల్ల ముందు కూర్చున్నాడు.

"రెండో నంబరు చదువు" అన్నాడు.